మోదుగాకు ఉత్తరం, ముళ్ళపంది కాపలా

పిల్లలూ, ముందే చెబుతున్నాను. ఈ కథలో ఒక్క అబద్ధం ఉందని అనుమానం వచ్చినవాళ్ళు ఇప్పుడే చెయ్యెత్తండి. నా కళ్ళలోకి సూటిగా చూసి "తాతా, మేం నమ్మం" అనండి. అనగలరా? అనలేరు. ఎందుకంటే ఇది ఎవరో చెబితే నేను విన్న కథ కాదు. నా డిప్ప మీద జరిగిన కథ. ఇదిగో, నడివీపున ఈ పొడుగాటి గీత చూశారా? అది ఆ రోజు పడిందే. దీని సంగతి చివర్లో చెబుతాను.

నేను తాబేలుని. నీళ్ళలో బుడుంగుమనే తాబేలుని కాదు, గడ్డీ ఆకులూ తిని బతికే మెట్ట తాబేలుని. పేరు డిప్పవీరయ్య. వయసు అడక్కండి. అవతల కనిపిస్తున్న కొండలున్నాయే, అవి చిన్నచిన్న గుట్టలుగా ఉన్నప్పుడు "బాగా తిని పెరగండర్రా" అని చెప్పినవాణ్ణి నేనే. నా మాట విన్నాయి, పెరిగాయి.

సరే, వినండి. అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక వాగు. వాగు ఒడ్డున ఒక పెద్ద చెదపుట్ట. చెదలు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. పుట్ట నిండా కన్నాలు మిగిలాయి. ఒక్కో కన్నం ఒక్కో జంతువుది. ఎవరికైనా కబురు పంపాలంటే మోదుగాకు మీద గోటితో గీకి రాసేవాళ్ళం. చిలకలు ముక్కున కరుచుకుని తెచ్చి, ఎవరి ఆకు వాళ్ళ కన్నంలో పడేసేవి.

ఇప్పుడు మనుషుల ఫోన్లలో ఈమెయిల్ అని ఒకటి ఉందట కదా! ఎక్కడెక్కడి ఉత్తరాలో వచ్చి ఒక పెట్టెలో పడతాయట. అదంతా మా పుట్టను చూసి చేసిందే. నన్ను ఒక్కమాట అడక్కుండా చేసేశారు. పోనీలెమ్మని ఊరుకున్నాను.

మొదట్లో ఎంతో బాగుండేది. కుందేలుకి వాళ్ళ అక్క దగ్గర్నుంచి ఆకు వచ్చేది. నెమలికి వానకబురు వచ్చేది. ఆ తర్వాత మొదలయ్యాయి చెత్త ఆకులు.

మొదటిది కుందేలుకి వచ్చింది. "శుభవార్త! అడవి మొత్తానికీ మెత్తటి పరుపు మీకే తగిలింది. వెంటనే వచ్చి పడుకోండి. చోటు: నల్లరాతి సందు." నల్లరాతి సందులో ఉండేది ఎవరు? కొండచిలువ! కుందేలు ఆవలిస్తూ బయల్దేరింది కూడా. దారికి అడ్డంగా నిలబడి నేనే ఆపాను. నేను అడ్డం నిలబడితే ఏనుగు కూడా దాటలేదు. ఒకసారి దాటింది గానీ అప్పుడు నేను నిద్రలో ఉన్నాను, అది లెక్కలోకి రాదు.

రెండోది అడవికోళ్ళకి వచ్చింది. "దగ్గుకీ, జలుబుకీ, తోకనొప్పికీ ఒకటే మందు. వెంటనే ఒక్కరే రండి. పక్కవాళ్ళకి చెప్పకండి." దాని కింద నక్క కాలిముద్ర తుడిచిన మరక ఉంది.

మూడోది తీతువు పిట్టకి వచ్చింది. ఆమె పేరు చుక్కమ్మ. ఈ కథ ఆమెదే. నేను లేకపోతే కథ లేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఆకు మీద ఇలా ఉంది: "అడవిలో గూళ్ళన్నీ పరిశీలిస్తున్నాం. మీ గుడ్లు ఎక్కడ ఉన్నాయో వెంటనే రాసి పంపండి. లేకపోతే మీ గూడు రద్దవుతుంది."

పిల్లలూ, తీతువు పిట్ట గూడు కట్టదు. వాగు ఇసుకలో గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. ఏది రాయో, ఏది గుడ్డో పక్కనే నిలబడినా తెలియదు. గూడే లేనిదానికి గూడు రద్దు కావడం ఏమిటి? కానీ భయం వేస్తే ఎవరికైనా బుర్ర పనిచెయ్యదు. పాపం చుక్కమ్మ గబగబా రాసి పంపింది: "మూడో బండకి ఎడమ పక్క, తెల్ల గులకరాళ్ళ మధ్య."

మర్నాడు అక్కడ పగిలిన పెంకులే ఉన్నాయి. పక్కన ముంగిస అడుగులు.

ఆ ఏడంతా చుక్కమ్మ గొంతు వాగు మీద వినిపించలేదు.

ఇక చెత్త ఆకులు వానలా కురిశాయి. కణుజు దుప్పి పెద్దమనిషి కదా, మర్యాదగా జవాబు రాశాడు: "దయచేసి నాకు ఇలాంటివి పంపకండి." మర్నాడు ఆయన కన్నంలో నలభై ఆకులు! ఆ కన్నంలో చదివేవాడు ఒకడున్నాడని వాళ్ళకి తెలిసిపోయింది మరి.

అప్పుడు అందరం పుట్ట దగ్గర చేరాం. ఒక కాపలాదారుణ్ణి పెట్టాలన్నాం. నన్నే ఉండమన్నారు. వెయ్యి గొంతులు ఒక్కసారిగా అడిగాయి. కానీ నాకు పనులెక్కువని చెప్పి, ముళ్ళపంది సూదయ్యని పెట్టమన్నాను.

సూదయ్య నెమ్మదస్తుడు. వచ్చిన రోజునే చెప్పాడు. "చూడండి, నాకు తెలివి తక్కువ, జ్ఞాపకం ఎక్కువ. ఏది చెత్తో, ఏది మంచిదో మీరే నేర్పాలి. చెత్త ఆకుల్ని నా ముళ్ళకి గుచ్చుకుని, సాయంత్రం పుట్ట వెనక దులిపేస్తాను. అక్కడ మూడు రోజులు ఉంచుతాను. నేనూ పొరపడొచ్చు. రోజూ ఒకసారి వచ్చి ఆ గుట్ట చూసుకోండి. మీకు కావలసినవాళ్ళు ఎవరో, వాళ్ళ ఆకు మీద గుర్తు ఎలా ఉంటుందో నాకు చూపించండి."

"మూడు రోజుల తర్వాత?" అంది కుందేలు.

"నాలుగో రోజున డిప్పవీరయ్య తాత తినేస్తాడు."

అవును, ఆ పని నాదే. అందరూ వద్దన్నదాన్ని తిని అడవిని శుభ్రం చెయ్యడం మాటలా? అప్పట్లో ఒక్కపూటలో కొండంత గుట్ట తినేవాణ్ణి. అయితే ఒక్క ఆకు కూడా చదవకుండా తినలేదు. చదువంటే నాకు అంత గౌరవం.

మనుషులు స్పామ్ అని ఒక గది పెట్టుకున్నారట, చెత్త ఉత్తరాలన్నీ అందులోకి పోతాయట, కొన్నాళ్ళకి వాటంతటవే మాయమవుతాయట. వాటంతటవే ఎందుకు మాయమవుతాయి? లోపల ఏదో తాబేలు ఉండే ఉంటుంది.

మొదటి వారం అందరూ వచ్చి గుట్ట చూసుకున్నారు. రెండో వారం సగం మంది వచ్చారు. మూడో వారానికి అక్కడ నేనూ, నా డిప్ప అంచుని అతుక్కుని ఉండే నత్తా తప్ప ఇంకెవరూ లేరు. గుర్తులు చూపిస్తామన్నవాళ్ళు రేపు, రేపు అంటూ మానేశారు.

మరుసటి ఏడు చుక్కమ్మ మళ్ళీ నాలుగు గుడ్లు పెట్టింది. ఈసారి వాగుకి ఇంకా లోపలికి, ముంగిస వెతకడానికి రాని ఇసుక తిన్నె మీద పెట్టింది. అక్కడ ముంగిస భయం లేదు గానీ నీటి భయం ఉంది. అందుకని ఎగువన ఉండే నీటికుక్క మునకన్నని అడిగింది.

"బాబాయ్, ఎగువన నీళ్ళు పెరిగితే నాకు ఆకు పంపుతావా?"

"పంపకుండా ఉంటానా పిల్లా! నీళ్ళ మీదే కదా నా కాపురం. మూడు రోజుల ముందే రాస్తాను" అన్నాడు మునకన్న.

ఆ ధైర్యంతో చుక్కమ్మ సూదయ్య దగ్గరికి ఎగిరొచ్చింది. "సూదన్నా, నాకో సాయం చెయ్యి. 'వెంటనే' అన్న మాట ఉన్న ఆకు ఏదీ నా కన్నంలోకి రాకూడదు."

"ఏదీనా?"

"ఏదీ!"

"ఒక్కసారి ఆలోచించు చెల్లెమ్మా. నిజంగా తొందరపని ఉన్నవాళ్ళు కూడా ఆ మాటే రాస్తారేమో."

చుక్కమ్మ రెక్కలు దగ్గరికి ముడుచుకుంది. "నువ్వెప్పుడైనా గుడ్లు పోగొట్టుకున్నావా అన్నా? నేను పోగొట్టుకున్నాను. ఆ మాట చూస్తేనే నా గుండె ఆగిపోతోంది. నాకు కనపడకుండా చెయ్యి."

సూదయ్య తలూపాడు. "అలాగే" అన్నాడు.

పుట్ట ప్రశాంతంగా అయిపోయింది. చుక్కమ్మ కన్నం ఖాళీ. ఆమె మనసు తేలిక. రోజుకోసారి వచ్చి కన్నంలోకి తొంగి చూసి, "హమ్మయ్య, ఏమీ లేదు" అనుకుని గుడ్ల మీదికి వెళ్ళిపోయేది.

వానలు మొదలయ్యే రోజులొచ్చాయి.

మొదటి రోజు దూరంగా కొండ మీద మబ్బు కమ్మింది. చుక్కమ్మ వచ్చి చూసింది. కన్నం ఖాళీ. "బాబాయ్ రాయలేదు. అంటే నీళ్ళు రావు" అనుకుంది.

రెండో రోజు వాగు నీళ్ళు ఎర్రబడ్డాయి. వచ్చి చూసింది. కన్నం ఖాళీ. "ఎర్రబడితే పడ్డాయి, బాబాయ్ రాయలేదుగా" అనుకుంది.

మూడో రోజు వాగులో నురగ, ఎండు పుల్లలు, ఎవరివో పాత గూళ్ళు కొట్టుకొచ్చాయి. తిన్నె అంచు తడిసింది. నాలుగో రోజు పొద్దు బాగా ఎక్కాక వచ్చి చూసింది. కన్నం ఖాళీ.

ఈసారి ఆమె ఎగిరిపోలేదు. అక్కడే నిలబడింది. 'మునకన్న బాబాయ్ నోట్లో చేపనైనా వదిలేస్తాడు గానీ ఇచ్చిన మాట వదలడే' అనుకుంది. నేరుగా సూదయ్య దగ్గరికి నడిచింది.

"సూదన్నా, నా ఆకు ఏదైనా వెనక గుట్టలో ఉందేమో చూడాలి."

సూదయ్య ముళ్ళు జివ్వుమని లేచాయి. "నా కాపలా మీద అనుమానమా చెల్లెమ్మా?"

"అనుమానం నీ మీద కాదన్నా. నేను నీకు చెప్పిన మాట మీద."

ఆ మాటకి సూదయ్య ముళ్ళన్నీ ఒక్కసారిగా పడుకున్నాయి. ఇద్దరూ పుట్ట వెనక్కి పరిగెత్తారు.

అక్కడ ఎవరున్నారు? నేనున్నాను. ఆలస్యంగా లేచి పొద్దుటి ఫలహారం చేస్తున్నాను. మూడు రోజులు నిండిన ఆకులు కదా, ఆ పూట అవి నావి. సరిగ్గా ఆ క్షణంలో నా నోట్లో ఒక ఆకు ఉంది. మూడొంతులు బయట, ఒక వంతు లోపల.

అప్పుడే నాకు ఎందుకో గొప్ప జ్ఞానోదయం అయింది. 'ఆగు వీరయ్యా, నమలకు!' అని లోపలినుంచి ఎవరో అన్నట్టయింది. నత్తనడిగితే ఆకుకి చేప వాసన వేసి నాకు డోకొచ్చిందంటుంది. నత్తల మాటలకేం! ఏమైనా నోటి దగ్గరి ముద్ద ఉమ్మేసిన తాబేలు ఈ భూమి మీద నేనొక్కణ్ణే.

ఆ ఆకు మూలన ఒక చేప పొలుసు అంటించి ఉంది. చుక్కమ్మ ముక్కుతో ఆ పొలుసుని తట్టింది. "అది బాబాయ్ గుర్తు! తాతా, చదువు!"

నేను చదివాను. "చుక్కమ్మా, వెంటనే గుడ్లు ఒడ్డు మీదికి చేర్చు. ఎగువన దుంగలు అడ్డం పడి నీళ్ళు ఆగాయి. మూడు రోజులు ఆగుతాయి. నాలుగో రోజు మధ్యాహ్నానికి..."

"మధ్యాహ్నానికి?"

"ఆ పైది నా కడుపులో ఉందమ్మా."

ముగ్గురం తలలు ఎత్తి ఎండ వైపు చూశాం. పొద్దు నడినెత్తికి వస్తోంది.

సూదయ్య మొహం మాడిపోయింది. "నేనే గుచ్చాను. ఈ ముల్లుకే గుచ్చాను. 'వెంటనే' అని చూశాను, ఇంకేమీ చూడలేదు."

"నేనే కదన్నా చెప్పింది!" అంది చుక్కమ్మ. "ఇప్పుడు ఏడవడానికి టైము లేదు. నా ముక్కుతో గుడ్డు దొర్లించగలను గానీ మొయ్యలేను. నీ వీపు మీద పెడదామంటే..."

"ముళ్ళ మీద గుడ్లా!" అన్నాడు సూదయ్య.

ఇద్దరూ నా వైపు చూశారు.

పిల్లలూ, ఇందాకటి నుంచి నేను కొన్ని మాటలు కొంచెం సాగదీసి చెప్పి ఉండొచ్చు. ఈ ఒక్కటి మాత్రం ఉన్నదున్నట్టు చెబుతున్నాను. తాబేలు వెల్లకిలా పడితే తనంతట తాను లేవడం మహా కష్టం. అందుకే మాకు పులి అన్నా అంత భయం లేదు గానీ, వెల్లకిలా పడటమంటే పీడకల. కానీ మగ మెట్ట తాబేలు పొట్ట కింద ఒక గుంట ఉంటుంది. సరిగ్గా నాలుగు గుడ్లు పట్టేంత గుంట.

"సూదయ్యా, నన్ను తిరగెయ్యరా!" అన్నాను.

"తాతా, మళ్ళీ లేవలేవేమో!"

"లేపడానికి నువ్వున్నావుగా!"

ఒడ్డు మీంచి తిన్నె దాకా నేను మెరుపులా దూసుకెళ్ళాను. వెనకనుంచి సూదయ్య తన్నిన మాట వాస్తవమే. ఆ తన్ను లేకపోయినా దూసుకెళ్ళేవాణ్ణి, కాకపోతే మరుసటి వారానికి. తిన్నె మీద నన్ను వెల్లకిలా తిప్పారు. చుక్కమ్మ నా పొట్ట మీద ఎండుగడ్డి పరిచింది. సూదయ్య ముళ్ళన్నీ అణుచుకుని, ముందుకాళ్ళతో ఒక్కొక్క గుడ్డూ తీసి నా పొట్టగుంటలో పెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. నాలుగూ వెచ్చగా ఉన్నాయి. ఆ వెచ్చదనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అడవితీగ ఒకటి నా డిప్ప చుట్టూ కట్టి, రెండో కొస సూదయ్య పళ్ళతో కరుచుకుని లాగాడు. నేను కదలలేదు. ఊపిరి గట్టిగా తీసుకుంటే గుడ్లు దొర్లుతాయి. కాబట్టి ఊపిరి తీసుకోలేదు. ఎంతసేపు? మూడు నెలలు అనుకోండి. చుక్కమ్మ నా పొట్ట మీద నిలబడి రెక్కలు చాపి, గుడ్లకి అడ్డం పట్టింది.

"లాగన్నా! లాగు!"

ఎగువన ఏదో విరిగిన చప్పుడు. దుంగలు కదిలాయి.

"లాగు సూదన్నా!"

ఒడ్డు సగం ఎక్కేసరికి ఒక రాయి నా వీపుని గీసింది. ఈ గీత అదే. నేను అబ్బా అనలేదు. అంటే పొట్ట ఊగుతుంది కదా!

నా తోక ఒడ్డు మీదికి వచ్చిందో లేదో, కింద వాగు గర్జించింది. ఎర్రటి నీళ్ళు గోడలా వచ్చాయి. ఇసుక తిన్నె ఉన్న చోట ఇక తిన్నె లేదు. బండ ఉన్న చోట బండ లేదు. నీళ్ళే.



చుక్కమ్మ గుడ్లని ముక్కుతో ఒక్కొక్కటిగా తాకి చూసింది. నాలుగు. మళ్ళీ తాకింది. నాలుగే. అప్పుడు ఏడాది తర్వాత మొదటిసారి ఆమె గొంతు విప్పి అరిచింది. టిట్టిరీ, టిట్టిరీ అని వాగు పొడవునా వినబడేలా అరిచింది. సూదయ్య తీగ వదిలేసి, కూలబడి, నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఊపిరి వదిలాను. హాయిగా, పొడుగ్గా వదిలాను. ఆ గాలికి అవతలి ఒడ్డున చెట్లు వంగాయి.

గుడ్లకి కొత్త చోటు సిద్ధమయ్యేదాకా చుక్కమ్మ నా పొట్ట మీదే పొదుగుతూ కూర్చుంది. ఆమె ఈకలతో చక్కిలిగిలి. నవ్వకూడదు! వరద కంటే అదే కష్టం.

ఈ సంగతి తెలిసి జంతువులన్నీ పోగయ్యాయి. కణుజు కొమ్ములు ఊపాడు. "ఈ సూదయ్యని తీసెయ్యండి! మంచి ఆకుల్ని ఆపేవాడు కాపలా ఏమిటి?"

"తీసేస్తే మళ్ళీ నలభై ఆకులు చదువుతావా మామా?" అంది చుక్కమ్మ. కణుజు గొంతు తగ్గింది. "ఆయన తప్పేమీ లేదు. నేర్పింది నేను, తప్పు నేర్పాను. చూసుకోమన్నాడు, చూసుకోలేదు. ఇవాళ మళ్ళీ నేర్పుతాను."

సూదయ్య వైపు తిరిగింది. "అన్నా, ఒక్క మాట చూసి ఏ ఆకునీ ఆపకు. ఎవరు పంపారో చూడు. ఏం అడుగుతున్నారో చూడు. ఎక్కడికి రమ్మంటున్నారో చూడు. ఈ చేప పొలుసు మా బాబాయ్ గుర్తు. బాగా చూసి పెట్టుకో."

ఆ రోజునుంచి ప్రతి సాయంత్రం అందరూ గుట్ట దగ్గరికి రావడం మొదలుపెట్టారు. "ఇది చెత్తే", "ఇది మాత్రం మా అక్కది, ఇకముందు వదిలెయ్యి" అని చెప్పేవాళ్ళు. సూదయ్య తలూపి గుర్తుపెట్టుకునేవాడు. అలా రోజురోజుకీ కాపలా పదునెక్కింది. గుట్టలో పొరపాటు ఆకులు తగ్గాయి.

ముంగిస ఊరుకుంటుందా? ఎక్కణ్ణుంచో ఒక చేప పొలుసు సంపాదించి ఆకుకి అంటించి పంపింది. "చుక్కమ్మా, నేను బాబాయ్‌ని. గుడ్లు ఇప్పుడు ఎక్కడ పెట్టావో వెంటనే రాయి."

సూదయ్య ఆ ఆకుని అటూ ఇటూ తిప్పాడు. "గుర్తు ఉంది. కానీ మునకన్న ఎప్పుడూ కబురు చెబుతాడే తప్ప గుడ్లు ఎక్కడని అడగడే!" అన్నాడు. కచ్చుమని ముల్లుకి గుచ్చాడు. సాయంత్రం చుక్కమ్మ గుట్టలో ఆ ఆకు చూసి, "ఇది చెత్తే అన్నా, భలే పట్టావు" అని నవ్వింది. జవాబు రాయలేదు. నాలుగో రోజున ఆ ఆకు నేను తిన్నాను. చేప వాసన వేసినా సరే, పట్టుదలగా తిన్నాను.

కొన్నాళ్ళకి నాలుగు గుడ్లూ పగిలి నాలుగు పిల్లలు బయటికొచ్చాయి. వాటికి ఎగరడం నేర్పింది కూడా నేనే.

నీతి: చెత్త కబుర్లని వడగట్టే కాపలా పెట్టుకోవాలి. కానీ అది పక్కన పెట్టినవాటిని అప్పుడప్పుడూ మన కళ్ళతో చూసుకుని, దాని తప్పొప్పులు మనమే దానికి నేర్పుతూ ఉండాలి.

ఏమిటి, ఇంకా అనుమానమా? ఆ రోజు ఇసుక తిన్నె మీంచి ఒడ్డు దాకా నా డిప్ప అంచుని అతుక్కుని వచ్చి, ఆ వేగానికి కళ్ళు తిరిగి మూడు రోజులు తిండి మానేసిన సాక్షి ఇప్పటికీ ఉంది. వెళ్ళి అడగండి. పేరు నత్త నిదానమ్మ.